సుప్రీమా నెత్తిన దిష్టిబొమ్మ

మొన్న సెలవునాడు రియాద్ మెట్రో ఎక్కాను. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఎవరిదో ఒకరి బండి నడిపి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి, తీరా చూస్తే ఈ రైలుకు డ్రైవరే లేడు. ముందు అద్దం దగ్గర నిలబడి మరీ చూశాను. స్టీరింగు లేదు, మనిషి లేడు, దానంతటది పోతోంది. పిల్లలు ఆ అద్దానికి ముక్కులు ఆనించి సంబరపడుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండింది. సరే, ఆ మంట వేరు. అసలు మంట రైలు వంతెన మీద మలుపు తిరిగాక మొదలైంది. కిటికీలో ఆ మేడ కనిపించింది. నా ఎదుటి సీట్లో ఒక తెల్ల జంట కూర్చుని ఉంది. ఆవిడ వేలెత్తి మేడ కొనవైపు చూపించి మొగుడితో ఏదో అంది. వాళ్లది ఏ భాషో నాకు తెలియదు గానీ, అందులో ఒక్క మాట మాత్రం నా చెవిలో సూటిగా దిగింది. సుప్రీమా! నా చేతులు నన్నడక్కుండానే లేచి కణతలకు ఆనుకుని మెటికలు విరిచాయి. ఆవిడ నా వంక అదోలా చూసింది. చూడనీ.

ఆ మాట నాకు నేర్పింది మా ఇటలీ ఇంజనీరు. ఆ మేడ కట్టేటప్పుడు నేను ఆయన బండి నడిపేవాణ్ణి. మేడకు ఒక పెద్ద అరబ్బీ పేరు ఉంది, అది కాగితాల మీద. సైటులో మాత్రం అందరూ దాని కొనను, అంటే ఆఖరి అంతస్తు మీద అల్యూమినియం పలకలతో కట్టే కిరీటంలాంటి ముక్కను, సుప్రీమా అనేవారు. ఆ పేరు పెట్టింది ఇంజనీరే. ఒకరోజు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు వెనక సీట్లోంచి నాకు పాఠం చెప్పాడు. వాళ్ల ఇటలీలో ఆ మాటే, స్పెయిన్‌లో ఆ మాటే, పోర్చుగల్‌లో ఆ మాటే, రుమేనియా వాళ్లు కూడా కాస్త నోరు వంకర తిప్పి ఆ మాటే అంటారట. అన్నిటికంటే ఎత్తైనది, దాని పైన ఇంకేమీ లేనిది అని అర్థమట. ఇన్ని దేశాలకు కలిసి ఒక్క మాట ఉండటం ఎంత అందమో చూడు అన్నాడు. నేను అద్దంలోంచి తలూపాను. మనసులో మాత్రం, పైన ఇంకేమీ లేదా, ఉన్నాడయ్యా, దాని పైన మా తమ్ముడున్నాడు, నడుముకు బెల్టు కట్టుకుని, అనుకున్నాను.

మా తమ్ముడితో పాటు ఇంకో ముగ్గురు, అందరూ మా జగిత్యాల పక్కవాళ్లే, ఆ పలకలు బిగించే పనిలో ఉండేవారు. ఆ నలుగురినీ ఇక్కడికి రప్పించింది మా అక్క మొగుడు, మా బావ. బావ ఆ మేడ మీద స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. ఊరి చివర సులైలో క్యాంపు, పొద్దున కంపెనీ బస్సు, పగలంతా ఆకాశంలో, సాయంత్రం మళ్లీ క్యాంపు. పొట్టి మనిషి, గట్టి పిండం, మాట్లాడితే మొండి. పెళ్లినాడు చెప్పులు దాచిన మరదళ్లు కట్నం అడిగితే, ఇవ్వనని ఉత్తి కాళ్లతోనే ఊరేగింపుకు నడిచిన ఘనుడు. ఆనాడే మా అమ్మ నెత్తి కొట్టుకుంది. అంత మొండివాడు ఆ నలుగురి విషయంలో మాత్రం బాతు తన పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేవాడు. వాళ్ల బెల్టులు తనే లాగి చూసేవాడు, బూట్ల తాళ్లు తనే ముడివేసేవాడు. అంత మీసాలున్న మగవాళ్లు వరసగా నిలబడి కాలు ముందుకు చాపేవారు. మా తమ్ముడికి అదొక నామర్దా. అయినా చాపేవాడు.

ఇక ఆ చూడ్డానికి వచ్చేవాళ్లు! వారానికొక గుంపు దిగేది. కోటు వేసుకున్నవాళ్లు, కెమెరాలు తగిలించుకున్నవాళ్లు, నెత్తిన తెల్ల హెల్మెట్లు, కాళ్లకు కొత్త బూట్లు. అందరూ నేల మీద నిలబడి తలలు వెనక్కి వాల్చి, నోళ్లు తెరిచి, సుప్రీమా, సుప్రీమా అని వెళ్లిపోయేవారు. ఒక వారం స్పెయిన్, ఒక వారం పోర్చుగల్, మాట మాత్రం అదే. బావ ఆ తంతు చూసి చూసి ఒకనాడు నా బండి దగ్గరికి వచ్చాడు.

"బామ్మర్దీ, వీళ్లంత గదేందో ఒక్కటే మాట అంటరేందిరా? అర్థమేంది దానికి?"

చెప్పాను. విని మొహం మాడ్చుకున్నాడు. "గట్లనా? ఇంతమంది కండ్లు వడి, ఇంతమంది నోట్లె వడి, ఇగ దానికి దిష్టి తాకదా? ఆ సౌదీ పెద్దమనిషి నయం, తల ఎత్తితే సాలు మాషా అల్లా అని దేవుని పేరు దీస్తడు. వీళ్లు ఉత్త నోటితోని మెచ్చుకుంటరు."

నేను నవ్వాను. నవ్వకేం చేస్తాను? కానీ ఆ నెలలోనే, ఎందుకో గానీ, ఆ కొన మీద అన్నీ వంకరలే. ఒకనాడు క్రేన్ గొలుసు జారి పలక గాలిలో గిరగిరా తిరిగింది. ఇంకోనాడు నేపాల్ కుర్రాడి చెయ్యి నలిగింది. ఆ తర్వాత మా తమ్ముడు నిలబడ్డ చెక్క పక్కకు ఒరిగి, వాడు బెల్టుకు వేలాడాడు. కింద బండిలో కూర్చుని నేను ఆ వేలాడటం చూశాను. అంత ఎత్తున ఒక చిన్న చుక్క ఊగుతోంది, ఆ చుక్క మా తమ్ముడని నాకు తెలియదు. అదే మేలైంది, తెలిసి ఉంటే గుండె ఆగేది. వాణ్ణి పైకి లాగింది బావే.

ఆ మర్నాడే బావ దిష్టిబొమ్మ కట్టాడు. మన దగ్గర ఇల్లు కడుతుంటే కట్టమూ? గడ్డి కుక్కి, కుండకు మొహం గీసి, మీసాలు పెట్టి, వచ్చేపోయేవాళ్ల కన్ను ముందు దాని మీద పడేలా వేలాడదీస్తాం. ఈ ఎడారిలో కుండెక్కడిది, గడ్డెక్కడిది? పనిలో తొడుక్కునే పాత నీలం కవరాల్ డ్రెస్సులో చిరిగిన సిమెంటు సంచులు కుక్కాడు, పసుపుపచ్చ పెయింటు డబ్బా తల పెట్టాడు, నల్ల మార్కరుతో ఇంతేసి కళ్లు, బయటికొచ్చిన పళ్లు, మెలితిరిగిన మీసాలు గీశాడు, మెడలో తెగిన బూటు కట్టాడు. తీసుకెళ్లి సుప్రీమా నెత్తిన, ఆఖరి పైపుకు వేలాడేశాడు. ఇది సౌదీ. ఇక్కడ బొమ్మలు కట్టడం, తాయెత్తులు పెట్టడం అంటే చేతబడి అంటారు, చేతబడి అంటే చిన్న నేరం కాదు. ఆ సంగతి వచ్చిన మొదటి వారమే ప్రతివాడికీ చెబుతారు. బావకూ తెలుసు. నా అరికాలి మంట నెత్తికెక్కింది.

"పిచ్చిగిన వట్టిందా బావా? ఎవడన్న చూస్తే లోపలేస్తరు!"

"గంత ఎత్తున ఎవడు జూస్తడు? పావురాలు జూస్తయి."

చూడ్డానికి దేవుడు ఇటలీ ఇంజనీర్ని పంపాడు. పైకి తనిఖీకి వెళ్లి, దాన్ని చూసి, ఆ మనిషి మురిసి ముక్కలైపోయాడట. దాని భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. కిందికి వచ్చి బండిలో కూర్చుని నాకూ చూపించాడు, మీవాళ్ల ఆచారమటగా, ఎంత బాగుందో అని. సార్, ఇది ఎవరికీ చూపించకండి అన్నాను. అప్పటికే పంపేశానన్నాడు. ప్రాజెక్టు గ్రూపులో, పెద్దలంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. మా సుప్రీమాకు కాపలాదారు దొరికాడు అని కింద రాశాడట. నవ్వే బొమ్మలు, బొటనవేళ్లు వరసగా వస్తున్నాయి. వాటి మధ్యలో సైటు పెద్ద, ఆ సౌదీ ముదీరు, ఒక్క ప్రశ్న అడిగాడు. దీన్ని ఎవరు కట్టారు?

ఛీ, ఆ ఫోటో తీసిన వేళ్లు! ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ ఇంజనీరు తాళాల గుత్తికి చిన్న ఎర్ర కొమ్ము ఒకటి వేలాడేది, మిరపకాయంత. ఏంటి సార్ ఇది అని ఒకసారి అడిగాను. వాళ్ల నాయనమ్మ ఇచ్చిందట, కన్ను తగలకుండా. ఊరికే, ముసలావిడ నమ్మకం అని నవ్వాడు. ఊరికేనట! ఒకసారి ఆ కొమ్ము గుత్తిలోంచి ఊడిపోతే, నా చేత బండి సీట్లన్నీ విప్పించాడు. తివాచీ ఎత్తించాడు. అది దొరికేదాకా ఆ రోజు సైటు మెట్టు ఎక్కలేదు. ఆఖరికి సీటు పట్టాల సందులో దొరికితే దాన్ని ముద్దు పెట్టుకున్నాడు, నేను చూస్తుండగానే. ఆయన చేస్తే నాయనమ్మ జ్ఞాపకం, మా బావ చేస్తే వింత, ఫోటోకు పనికొచ్చే వింత.

బావ పేరు బయటపడింది, ముదీరు బావను తన పోర్టాకేబిన్ ఆఫీసులోకి పిలిపించాడు. బావకు అరబ్బీ అంతంతమాత్రం, ఇంగ్లీషు అసలే లేదు, కనుక మాట మార్చి చెప్పడానికి నన్ను పిలిచారు. లోపలికి వెళ్లే ముందు బావను గోడ వెనక్కి లాక్కెళ్లి చేతులు పట్టుకున్నాను. పొలాల్లో కూడా ఇలాంటి బొమ్మలే కడతాం కదా, పావురాలు రెట్టలేసి పలకలు పాడుచేస్తుంటే పిట్టల కోసం కట్టానని చెప్పు, అంతే, ముదీరు మంచివాడు, నవ్వి వదిలేస్తాడు అని బతిమాలాను. బావ వినీవిననట్టు గోడ గీకుతూ నిలబడ్డాడు. చెప్తావా లేదా అని అరిచాను.

"పిట్టల కోసమని నా నోటితోని అన్ననంటే, ఇగ అది పిట్టలకే పని జేస్తది. దిష్టికి పని జెయ్యది."

"నీ ఉద్యోగం పోతది బావా! జైలుకు వోతవు!"

"పైన నీ తమ్ముడున్నడు, బామ్మర్దీ."

ఏమనాలి ఆ మనిషిని? అబద్ధం ఆడితే బొమ్మ మహిమ పోతుందట! కొట్టాలనిపించింది. పెద్దవాడు, అక్క మొగుడు, కొట్టకూడదు కనుక ఊరుకున్నాను.

లోపల ముదీరు కుర్చీలో, ఎదుట ఇంజనీరు. బల్ల మీద ఇంజనీరు తాళాల గుత్తి, దానికి ఆ ఎర్ర కొమ్ము, నా కళ్లెదుట. పక్కన నేల మీద మా దిష్టిబొమ్మ, తల పక్కకు వాలిపోయి, మీసాలు మాత్రం పౌరుషంగా. ముదీరు వయసు మళ్లిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. ఇది ఎందుకు కట్టావు అని అడిగాడు. నేను బావ వైపు తిరిగి ఆ ప్రశ్న చెప్పాను. బావ తెలుగులో, దిష్టి తాకకుండ గట్టిన అన్నాడు. నేను ముదీరు వైపు తిరిగి, పావురాలు రాకుండా కట్టాడట అన్నాను. పావురాలకు అరబ్బీలో హమామ్ అంటారు. ఆ మాట బావకు తెలుసు. క్యాంపులో బాల్కనీ నిండా అవే కదా! తెలిసిన మాట అదొక్కటీ అప్పుడే చెవిన పడాలా? నా ఖర్మ! బావ అడ్డంగా తలూపాడు. "లా, లా," అన్నాడు. కాదు, కాదు అని. తర్వాత చూపుడువేలు తన కంటి కింద ఆనించి, స్పష్టంగా, "ఐన్" అన్నాడు. కన్ను అని. ఆ మీదట పైకి చెయ్యెత్తి చూపించి, ఇంజనీరు వైపు తిరిగి, నోరు తెరిచి తల వెనక్కి వాల్చి, "సుప్రీమా, సుప్రీమా" అని ఆ వచ్చేవాళ్లందరినీ అనుకరించాడు. నాటకం కట్టినట్టు కట్టాడు. నేను నేలలోకి కుంగిపోయాను.

ముదీరు ఒకసారి బొమ్మ వైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. ఆ గదిలో బావ సంగతి పూర్తిగా అర్థమైంది ఆయనొక్కడికే, అది నేను ఒప్పుకుంటాను. కన్ను తగలడం నిజమేనని మెల్లగా అన్నాడు. కానీ దానికి దారి దేవుడి పేరు తలుచుకోవడం గానీ బొమ్మ కాదన్నాడు. ఇంకా పై వాళ్లు ఈ ఫోటో చూశారు, రేపు పోలీసు కేసు అయితే నేను ఆపలేను, కేసు కాకముందే ఇతన్ని ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపిస్తున్నాను, ఇంతకంటే మంచి నేను చెయ్యలేను అన్నాడు. చేసింది మేలే. కాళ్లు పట్టుకోవాల్సిన మేలే. అయినా ఏ తప్పూ చేయని మనిషిని పంపించేస్తుంటే షుక్రన్ అని నా నోటితోనే థాంక్స్ చెప్పాల్సి వచ్చింది. ఇంజనీరు ఇంగ్లీషులో, అయ్యో, ఎంత విచారం, ఇది వాళ్ల సంస్కృతి అని వాపోయాడు. వాపోతూ తాళాల గుత్తి తీసుకుని ఆ కొమ్మును బొటనవేలితో రుద్దుతున్నాడు. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, ఆ బొమ్మను పెట్టెలో సర్ది ఇటలీలో మా ఇంటికి పంపే ఏర్పాటు చెయ్యగలవా, మా హాల్లో పెట్టుకుంటాను అన్నాడు. మా బావ పొట్ట కొట్టిన బొమ్మ వాడి హాల్లోకి అలంకారం! సరే సార్ అన్నాను. తీసుకెళ్లి సులై చెత్తకుండీలో తలకిందులుగా కుక్కి, మీద నాలుగు గంపల మట్టి పోశాను. ఎయిర్‌పోర్టువాళ్లు పట్టుకున్నారు సార్ అని చెప్పాను. నమ్మాడు.

మా అక్క ఫోనులో నన్నే తిట్టింది. "దొర పక్కపొంటి కూసునేటోనివి, ఒక్క మాట జెప్పలేకపోతివా? నీ అరబ్బీ ఎవలికి నాలుక గీసుకోనీకా?" అని. చెప్పానే తల్లీ, నీ మొగుడే తిప్పికొట్టాడు అంటే వినదు. బావను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది కూడా నేనే. ఆ రోజు బావ వాలకం చూసి నాకు ఇంకా మండింది. పదేపదే మీసం దువ్వుకుంటాడు, కిటికీలోంచి ఆ మేడను చూస్తాడు, పెదాలు బిగబట్టి నవ్వుతాడు. ఉద్యోగం పోయిన మనిషికి ఉండాల్సిన మొహమేనా అది?

"ఇంత నిమ్మలంగ ఎట్లున్నవు బావా?"

"మనోళ్లకేం కాదు తియ్యి," అన్నాడు, అంతే.

నిజంగానే ఏమీ కాలేదు. ఆ కొన పూర్తయింది, లైట్లు వెలిగాయి, నలుగురూ క్షేమంగా దిగారు. తమ్ముడు ఇప్పుడు ఊళ్లో హార్వెస్టర్ తిప్పుతున్నాడు. బావ మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టలేకపోయాడు. ఊళ్లో వాళ్ల ఇళ్లకూ వీళ్ల ఇళ్లకూ సెంట్రింగ్ పనికి పోతున్నాడు. నేను మాత్రం ఆ మేడ కనిపించినప్పుడల్లా, పావురాలని ఒక్క మాట అంటే సరిపోయేది కదయ్యా అని మనసులో ఆయనతో పోట్లాడుతూనే వచ్చాను. బొమ్మ ఎటూ పోయింది, ఉద్యోగం కూడా పోయింది, ఏం సాధించాడు అని.

మొన్న మెట్రో దిగి, ఆ కోపంతోనే తమ్ముడికి ఫోన్ చేశాను. రైల్లో ఆవిడ సుప్రీమా అన్న సంగతి, నేను మెటికలు విరిచిన సంగతి చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు.

"ఊకె విరుస్తున్నవన్నా. దానికేం గాదు. బొమ్మ ఆడనే ఉన్నది గద."

ఏ బొమ్మరా అన్నాను. అప్పుడు చెప్పాడు. ముదీరు బొమ్మ తీయించిన మర్నాడు, బావ ఎగ్జిట్ కాగితాల కోసం ఎదురుచూస్తుండగా, ఆ నలుగురూ పైన బిగించబోయే ఒక పలకను తిరగేసి, లోపలివైపు నల్ల పెయింటుతో ఆ మొహమే వేశారట. అవే కళ్లు, అవే పళ్లు, అవే మీసాలు. గీత ఎలా రావాలో క్యాంపులో కూర్చుని చెప్పి పంపింది బావేనట. వేసి, బోర్లించి, మరలు బిగించేశారు. ఏ పలకో నన్ను అడగొద్దు, అడిగితే నాకూ తెలియదు. వెంటనే బావకు ఫోన్ కొట్టి అరిచాను. ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదని అరిచాను. అక్క పక్కనుంచి ఏంటా కేకలని అడుగుతోంది.

"నీకెట్ల జెప్తం బామ్మర్దీ? పొద్దుగాలలేస్తే దొర బండిల ఉంటివి. నీ మొకం అద్దం, ఏదీ దాగది," అన్నాడు బావ. మళ్లీ తనే, "ఎట్లున్నదిరా మన సుప్రీమా? లైట్లు మంచిగ వెలుగుతున్నయా?" అని అడిగాడు.

వెలుగుతున్నాయి బావా అని చెప్పి ఫోన్ పెట్టేశాను. అంతమంది తెల్లవాళ్లు, నల్లవాళ్లు, మెట్రోలో ఆవిడ, తలలెత్తి పొగుడుతున్నది మా బావ గీయించిన మొహాన్ని. అది లోపల పళ్లు ఇకిలించుకుని అందరి కళ్లనూ కాచుకుంటోంది. సంతోషించాల్సిందే. నాకు మాత్రం కోపం తగ్గలేదు. ఆ ఇంజనీరు మీద ఉన్నది అలాగే ఉంది, దానికి తోడు ఇంకొకటి వచ్చి చేరింది. బావ, తమ్ముడు, ఆ ముగ్గురూ నా దగ్గర దాచారు, సరే. మేడ పూర్తయ్యాక ఇన్నేళ్లు కూడా నన్ను దొర మనిషనే అనుకుని నోరు విప్పలేదు.